వెచ్చబడేదాకా

నొక్కు, వదులు, ఆగు. నొక్కు, వదులు, ఆగు. పెద్దక్క పెదాలు కదలడం లేదు గాని లోపల ఆ మాట నడుస్తూనే ఉంది. కుడి పిడికిట్లో ఇమిడే రబ్బరు సంచి, సంచి చివర సన్నటి గొట్టం, ఆ గొట్టం చివర రెండు దోసిళ్ళకి సరిపోయేంత ఆడపిల్ల. ఎవరో తరిమినట్టు ఏడో నెల దాటీ దాటగానే వచ్చేసింది మహాతల్లి, ఊపిరితిత్తులకి ఇంకా వాటంతట అవి తెరుచుకోవడం తెలియదు, అందుకని వాటి పని పెద్దక్క పిడికిలి చేసిపెడుతోంది. కాస్త గట్టిగా నొక్కితే ఆ లేత ఛాతీ తట్టుకోదు, మెత్తగా నొక్కితే గాలి లోపలికే పోదు, ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆపాలో చేతికి తెలుసు, నోటితో చెప్పమంటే మాత్రం రాదు. మధ్యాహ్నపు ఎండ కిటికీ గాజులోంచి పడి నేలమీద పలకలా పరుచుకుంది. తలమీద వేడిదీపం. ఆ దీపం కింద పిల్ల ఎర్రగా, ముడతలు ముడతలుగా, నెత్తిన ఉన్ని టోపీతో, ఒంటిమీద పలచటి ప్లాస్టిక్ కప్పుకుని, ఇదంతా తనకేం పట్టనట్టు కళ్ళు మూసుకుని ఉంది. నువ్వు హాయిగా పడుకో తల్లీ, మా తల ప్రాణం తోకకొస్తే నీకేం, అనుకుంది పెద్దక్క, అనుకుని మళ్ళీ నొక్కింది.

ఆమెని అందరూ పెద్దక్క అనే పిలుస్తారు, ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా. కొత్తల్లో ఉడుక్కునేది, ఇప్పుడు అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరిగి చూడటం మానేసింది. ఎదురుగా నిలబడ్డ డాక్టరు చిన్నపిల్ల, చదువు పూర్తిచేసుకుని వచ్చి ఏడాదైనా కాలేదు, గొట్టం వేసేటప్పుడు నాలుక చివర బయటపెడుతుంది పరీక్ష రాసే పిల్లలా. అయితేనేం, ఇందాక ఆ గొట్టం మొదటిసారికే వేసింది. వేశాక మాత్రం పెద్దక్క వైపు చూసి, "పడిందా అక్కా?" అంది, వేసింది తను కాదన్నట్టు. "పడింది పడింది, ఛాతీ లేస్తోంది చూడు" అంటే అప్పుడు ఊపిరి వదిలింది. పిల్లకంటే ముందు డాక్టరుకి ఊపిరి ఆడాలి కదా మరి. ఈ ఆసుపత్రిలో కాన్పులు చేస్తారు, జ్వరాలు చూస్తారు, విరిగిన ఎముకలకి కట్లు కడతారు, ఇంత చిన్న ప్రాణానికి ఊపిరి పోసే యంత్రం మాత్రం లేదు. అది పెద్దాసుపత్రిలో ఉంది, ఇక్కడికి గంట దూరం. చిన్న డాక్టరు ఫోన్ చేస్తే వాళ్ళు చెప్పిన మాట ఒకటే, మేమే వస్తున్నాం, మా బండిలో వేడిపెట్టె, యంత్రం, ఊపిరితిత్తులు విచ్చుకునే మందు అన్నీ ఉన్నాయి, మేం వచ్చేదాకా పిల్లని కదపొద్దు. వెచ్చగా ఉంచండి, ఒంట్లో చక్కెర పడిపోకుండా చూడండి, గొట్టం జారనివ్వకండి, అంతే. వినడానికి మూడు మాటలు. ఆ మూడు మాటలకి ఇద్దరు ఆడవాళ్ళు చెమటలు కక్కుతున్నారు.

పెద్దక్కకి వెన్నులో నొప్పి పుడుతోంది, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మార్చుకుంది, చేతి తాళం మాత్రం తప్పనివ్వలేదు. ఇంట్లో ఆయన కూడా ఇంతే, దర్జీ పని, పొద్దస్తమానం కుట్టుమిషన్ తొక్కుతూ కాలు ఒక తాళానికి అలవాటు పడిపోయి, అన్నం దగ్గర కూర్చున్నా బల్ల కింద ఆ పాదం ఆడుతూనే ఉంటుంది. మన ఇంట్లో ఇద్దరం కుట్లు వేసేవాళ్ళమే, నావి విప్పుకోవచ్చు, నీవి విప్పుకోకూడదు, అంటాడు, ఇరవై ఏళ్ళుగా అదే హాస్యం, పెళ్ళిచూపుల్లో కూడా అదే అన్నాడు, అప్పుడు నవ్వింది కాబట్టి ఇప్పుడు మానేస్తే బాగుండదని ఇప్పటికీ నవ్వుతుంది. కూతురు మాత్రం ఊరుకోదు. నిన్న రాత్రి పక్కలో పడుకుని పొద్దున్నే లేచి, "అమ్మా, నిద్రలో నా చెయ్యి పిసికేశావు, మధ్యలో ఆగుతున్నావు, మళ్ళీ పిసుకుతున్నావు, ఎవరికి ఊపిరి పోస్తున్నావు?" అని ఒకటే గోల. ఎవరికి పోసిందో కలలో, గుర్తులేదు. నొక్కు, వదులు, ఆగు. గోడ మీద మందుల కంపెనీవాళ్ళిచ్చిన కేలండరులో బోసినవ్వు నవ్వుతున్న లావుపాటి పిల్లాడు. వీడెప్పుడూ వెచ్చగానే ఉంటాడు, వీడికేం.

తలుపు తోసుకుని అమ్మమ్మ వచ్చింది. పిల్లకి అమ్మమ్మ, పక్కగదిలో కుట్లు పడి మగతలో పడుకున్న పిల్లతల్లికి అమ్మ. ఇందాకట్నుంచి కాలుకాలిన పిల్లిలా వరండాలో తిరుగుతూనే ఉంది, ఇప్పటికి మూడుసార్లు లోపలికొచ్చింది, వచ్చిన ప్రతిసారీ తలుపుతో పాటు వరండా గాలి కూడా వస్తోంది. "ఏంటమ్మా ఇది? మీ బండి గుమ్మంలో ఉంది. డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. మా అల్లుడు బండి పక్కనే నిలబడున్నాడు. వాళ్ళెవరో రావడానికి గంటంట, మళ్ళీ తీసుకెళ్ళడానికి గంటంట. ఇప్పుడు బయల్దేరితే వాళ్ళు ఇక్కడికొచ్చే వేళకి మనం అక్కడుంటాం కదా! ఆ మాత్రం లెక్క తెలీదా మీకు?" చిన్న డాక్టరు పిల్ల మడమ మీద గుచ్చి ఒక రక్తపు చుక్క తీసుకుంటోంది, తల ఎత్తకుండానే చెప్పింది, "అమ్మా, మన బండిలో వేడి ఉండదు. కుదుపుల్లో గొట్టం జారితే మళ్ళీ వెయ్యడానికి కుదరదు. పిల్ల ఇంకా చల్లగా ఉంది. వెచ్చబడకుండా పంపలేను." అమ్మమ్మ ఒంటికాలి మీద లేచింది. "వెచ్చగా కావాలంటే నా గుండెలకి అదుముకుని కూర్చుంటాను! నలుగుర్ని పెంచాను నేను. మీ దీపాలు చూసి పెంచలేదు." అంటూనే పిల్ల వైపు చూసింది, కొంగు నోటికడ్డం పెట్టుకుని, "దానికేమన్నా అయితే మా అమ్మాయికి నేనేం చెప్పుకోను" అని వెళ్ళిపోయింది. తలుపు ఊగి ఊగి మూసుకుంది.

ఆ లెక్కలో తప్పెక్కడుందో చెప్పడం ఎవరి తరం? గంటకి గంట కలిపితే రెండు, ఒక గంటలో అయిపోయేదానికి రెండు గంటలెందుకు, చదువుకోనివాళ్ళైనా వేసే లెక్క. పెద్దక్క కాళ్ళు కూడా లోపల్లోపల పరిగెడుతున్నాయి. ఇన్నేళ్ళ సర్వీసు, ఎంతోమంది పిల్లల్ని పంపింది, అయినా బండి శబ్దం వినబడితే చాలు ఎత్తుకుని పరిగెత్తాలనిపిస్తుంది. ఒంట్లో ప్రతి నరం పోదాం పోదాం అంటుంటే, నిలబడి ఉండటమే అన్నిటికంటే కష్టమైన పని. పైగా ఈ చిన్నదాని మాట ఎంతవరకు నమ్మాలి? పెద్ద డాక్టరు సెలవులో ఉన్నాడు, ఇలాంటి నిర్ణయం ఈ అమ్మాయి ఒక్కతీ తీసుకోవడం ఇదే మొదలు. వాళ్ళు దారిలో ఎక్కడైనా చిక్కుకుంటే? బండి చెడిపోతే? పిల్ల ఇక్కడే, ఈ దీపం కిందే కన్నుమూస్తే, గుమ్మంలో బండి పెట్టుకుని పంపలేదని ఊరంతా ఈ డాక్టరమ్మాయిని కాల్చుకు తినరూ? ఆ సంగతి దానికీ తెలుసు. చక్కెర చూసే మిషన్ మీద అంకె చదివింది. "చక్కెర పరవాలేదు అక్కా, గ్లూకోజ్ పనిచేస్తోంది. వేడే ఎక్కట్లేదు. దీపం పూర్తిగా పెట్టాను. ఎందుకు ఎక్కట్లేదు? కాలు ముట్టుకుని చూడవా ఒకసారి."

పెద్దక్క కుడిచేత్తో నొక్కుతూనే ఎడంచెయ్యి ప్లాస్టిక్ కిందికి పోనిచ్చి, బొటనవేలంత పాదాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. చల్లగా ఉంది.

చల్లగా ఉంది, అవును, ఈ చల్లదనం ఆమెకి కొత్తకాదు, ఎన్నో ఏళ్ళ కిందట ఇంతే పాదం, ఇంతే పొడవు, ఒక మగచొక్కా మడతలోంచి బయటికి జారి వేలాడుతూ ఉండగా పట్టుకుంది. అప్పటికి తను నర్సింగులో చేరి ఏడాదైనా కాలేదు, మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరవడం, గుండుసూది పోకుండా జాగ్రత్త చెయ్యడం నేర్పారు, ఇంకేమీ నేర్పలేదు. చెల్లెలి మొదటి కాన్పు, ఇలాగే నెలలు నిండకుండా, చిన్న ఆసుపత్రిలో. మరిది బిడ్డని తన చొక్కాలో చుట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చాడు, పక్కింటాయన కారు తీశాడు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. హాస్టల్లో కబురు తెలిసి తను పెద్దాసుపత్రి గేటు దగ్గర నిలబడితే కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది, నాలుగు అద్దాలూ దించేసి ఉన్నాయి, బిడ్డకి గాలి ఆడాలని దించారట. ఎంత వేగంగా వచ్చారంటే, ఆ దూరం అంత తక్కువ సేపట్లో ఎవరూ రాలేదని గేటు కాపలావాడు కూడా నోరు తెరిచాడు. తను చెయ్యి చాచి ఆ పాదం పట్టుకుంది. తెల్లవారుజామున కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలా ఉంది. సాయంత్రం దాకా ఉన్నాడు బాబు. ఆ తర్వాత అక్కడి డాక్టరు, తన ఒంటిమీద నర్సు బట్టలు చూసి కాబోలు, పక్కకి పిలిచి అన్నాడు, "మీవాళ్ళేనా? కొంచెం వెచ్చగా తెచ్చుంటే, అక్కడే కాసేపు ఊపిరి అందించి తెచ్చుంటే..." అని, ఆ మాట అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆయన వదిలేసిన మాట తనకి పట్టుకుంది. చెల్లెలికి ఆ తర్వాత ఇద్దరు పుట్టారు, బంగారుకొండలు, ఇంటినిండా గోలే. అయినా ఎప్పుడైనా ఇద్దరూ ఒంటరిగా కూర్చుంటే చెల్లెలు అంటుంది, ఒక్క నిమిషం కూడా వృథా చెయ్యలేదక్కా, మా చేతిలో ఉన్నదంతా చేశాం, ఆ తృప్తి చాలు నాకు. ఆ పక్కింటాయనకి ఇప్పటికీ ఆ ఇంట్లో ఏ మంచి జరిగినా మొదటి పిలుపు, ముందు వరసలో కుర్చీ. పెద్దక్కే స్వయంగా మంచినీళ్ళ గ్లాసు తీసుకెళ్ళి ఇస్తుంది ఆయనకి. ఏం చెప్తుంది? మంచివాడు. ప్రాణం పెట్టి నడిపాడు కారు. నొక్కు, వదులు, ఆగు.

"అక్కా!" చిన్న డాక్టరు గొంతు. "కింద తడిగా ఉంది." పిల్ల వీపు కిందికి అరచెయ్యి పోనిచ్చి అలాగే నిలబడిపోయింది. పుట్టగానే ఒళ్ళు తుడిచిన గుడ్డ తీసి పారెయ్యాలి, ఆ తర్వాతే పొడిగుడ్డ పరవాలి, కళ్ళు మూసుకుని చేసే పని అది, అయితే పిల్ల ఊపిరి తియ్యకపోయేసరికి ఇద్దరి కళ్ళూ ఛాతీ మీదే ఉండిపోయి, ఎవరో ఒకరు పొడిగుడ్డ తెచ్చి ఆ తడిగుడ్డ మీదే పరిచేశారు. పరిచింది తనో, డాక్టరో ఇప్పుడు ఎవరు చెప్పగలరు. పైనుంచి దీపం ఎంత వేడి పోస్తే కిందనుంచి ఆ తడి అంతా తాగేస్తోంది. "తప్పు నాదే అక్కా" అంటోంది డాక్టరు, ముఖం పాలిపోయి. "తప్పులు తర్వాత పంచుకుందాం, ముందు గుడ్డ తియ్యి. తల నేను పట్టుకుంటాను, గొట్టం ఎడంచేతి వేళ్ళ మధ్య ఉంచుతాను, నువ్వు మెల్లగా లాగు. దీపం కింద పెట్టిన వెచ్చటి గుడ్డ ఉంది చూడు, అది." పిల్లని వెంట్రుకవాసి ఎత్తి, కింద ఉన్నదంతా లాగేసి, వెచ్చటి పొడిగుడ్డ దూర్చి, మళ్ళీ పడుకోబెట్టారు. పెద్దక్క కుడిచెయ్యి ఆగలేదు. తడిగుడ్డ బక్కెట్లో పడింది. గాలి రాకుండా తలుపుకి లోపల గడియ పెట్టింది డాక్టరు.

తర్వాత చెయ్యడానికేమీ లేదు, ఒంటి వేడి చూపే మిషను మీద అంకె చూస్తూ నిలబడటం తప్ప. ముప్పై అయిదు డిగ్రీల దగ్గర మొండికేసి కూర్చుంది అది, ముప్పై ఆరు దాటాలి. ఇంతసేపు చల్లబడిన ఒళ్ళు ఒక్కసారిగా వేడెక్కదు, ఎక్కనివ్వకూడదు కూడా. పక్కగదిలోంచి పిల్లతల్లి మూలుగు, ఎవరో ఏదో సర్దిచెప్తున్న గొంతు. ఆమె ఇంకా బిడ్డని చూడలేదు. కళ్ళు తెరిచి మొదట అడిగేది అదే, నా బిడ్డేది? ఆడవాళ్ళందరూ అడిగేది అదే, చెల్లెలు కూడా అదే అడిగిందట, అప్పటికి కారు మలుపు తిరిగిపోయింది. ఎండ పలక నేలమీంచి జరిగి గోడ అంచుకి చేరింది. వేలి కణుపుల దగ్గర మంట మొదలైంది, తర్వాత మంట పోయి మొద్దుబారింది, తర్వాత ఆ చెయ్యి తనది కాదేమోననిపించింది, అదే నొక్కుకుంటోంది, అదే వదులుతోంది. "కాసేపు నేను చేస్తాను అక్కా" అంది డాక్టరు. "నువ్వు నీ పని చూసుకో, గ్లూకోజ్ సూది జారిపోతే నేను పెట్టలేను." అవతల అమ్మమ్మ తలుపు కొట్టింది. "లోపల ఏం చేస్తున్నారు? గడియెందుకు?" ఇంకా గట్టిగా కొట్టింది, ఆ తర్వాత కొట్టడం మానేసింది, అది ఇంకా కష్టంగా ఉంది వినడానికి. నువ్వు తిట్టుకో అమ్మా, ఎంతైనా తిట్టుకో, నీ మనవరాలు నా చేతిలో ఉంది, అంతకంటే నేనేం చెయ్యను. అంకె ఒక గీత కదిలింది. ఇద్దరూ చూశారు, ఒకరితో ఒకరు అనలేదు, అంటే మళ్ళీ దిగిపోతుందేమోనని. ఇంకో గీత. మళ్ళీ ఎడంచేతి వేళ్ళ మధ్యకి తీసుకున్న పాదం ఇప్పుడు అంత చల్లగా లేదు. లేదా తన వేళ్ళే చల్లబడ్డాయేమో. కాదు, వెచ్చబడింది పిల్లే. బొటనవేలు ఒకటి కదిలింది, దాని ఇష్టం వచ్చినట్టు, ఎవరూ కదపకుండానే.

వాళ్ళు వచ్చారు. ఒక డాక్టరు, ఒక నర్సు, చక్రాల మీద గాజుపెట్టె. పరిగెత్తలేదు, కేకలు వెయ్యలేదు, చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డారు. "ముప్పై ఆరున్నర" అని చదివి, ఆ వచ్చిన డాక్టరు చిన్న డాక్టరు ముఖంలోకి చూసి, "బాగా చూసుకున్నారు" అన్నాడు, అంతే అన్నాడు, దానికే చిన్న డాక్టరు కళ్ళనిండా నీళ్ళు. వచ్చిన నర్సు సంచి అందుకోవడానికి చెయ్యి చాపింది, పెద్దక్క పిడికిలి వెంటనే విచ్చుకోలేదు, "వదలండక్కా, నేను పట్టుకున్నాను" అంటే అప్పుడు వదిలింది. అప్పుడైనా బయల్దేరారా, లేదు. గొట్టం మళ్ళీ సరిచూశారు, దాంట్లోంచి మందు ఊపిరితిత్తుల్లోకి వేశారు, రెండో సూది పెట్టారు, యంత్రానికి కలిపి పిల్లకి గాలి అందుతోందో లేదో నిలబడి చూశారు. గడియ తీశాక లోపలికొచ్చిన అమ్మమ్మ గుడ్లప్పగించి చూస్తోంది, తిట్టడానికి కూడా ఓపిక లేక. అంతా అయ్యాక గాజుపెట్టెని గుమ్మం వైపు కాకుండా పక్కగదిలోకి తోశారు, తల్లి మంచం పక్కకి. పెట్టె పక్కనున్న గుండ్రటి కిటికీ తెరిచి, "చెయ్యి లోపల పెట్టమ్మా, ముట్టుకో" అన్నారు. పిల్లతల్లి మగతలోనే చెయ్యి పెట్టి ఒక వేలు కూతురి పాదానికి ఆనించి, "వెచ్చగా ఉంది" అంది. పెద్దక్క అక్కడ నిలబడలేక వరండాలోకి వచ్చేసింది.

డ్యూటీ అయిపోయి చాలాసేపైంది. ఇంటికి పోలేదు, బెంచీ మీద కూర్చుంది, ఒళ్ళో కుడిచెయ్యి వేరే ఎవరిదో దాచిపెట్టుకున్నట్టు. అమ్మమ్మ అల్లుడు పెద్దాసుపత్రి బండిలో ముందు సీట్లో కూర్చుని వెళ్ళాడు. కూతురి దగ్గర ఉండిపోయిన అమ్మమ్మ వచ్చి పక్కన కూలబడింది. గేటు దాటి వెళ్ళిన బండి ఎంత మెల్లగా వెళ్ళిందో తలుచుకుంటోంది కాబోలు. గొంతు తగ్గించి అడిగింది, "ఒక్క మాట, దాచకుండా చెప్పు. అప్పుడే బయల్దేరుంటే ఎప్పుడో చేరిపోయేవాళ్ళం కదా?"

"చేరేవాళ్ళమే అమ్మా," అంది పెద్దక్క. "మనం చేరేవాళ్ళం. పాప చేరేది కాదు."

ఇన్నేళ్ళుగా పళ్ళ బిగువున పట్టుకున్న మాట, ఎక్కడా తడబడకుండా, పరాయి మనిషి ముందు వచ్చేసింది. ఆ మాట లోపలికి దిగాక అమ్మమ్మకి కోపం వచ్చింది. "ఆ మాట ముందే చెప్పొద్దూ! చెప్పుంటే నోరు మూసుకుని ఓ మూల కూర్చునేదాన్ని కదా. అన్నేసి మాటలు అనిపించావు నాతో!" ముందే. నిజమే, ముందే చెప్పాలి. చెప్పాల్సిన రోజున ఆ మాట తనకే తెలియదు, తెలిసిన రోజుకి చెప్పి ఎవరికీ లాభం లేదు, చెల్లెలికి మిగిలిన ఒక్క తృప్తీ లాగేసుకోవడం తప్ప. ఎప్పటికీ చెప్పదు చెల్లెలికి. చెప్పదని ఇప్పుడు ఖాయమైంది, ఖాయమయ్యాక ఏడుపు ఆగలేదు, గంటసేపు పిల్ల ప్రాణం పిడికిట్లో పెట్టుకున్నప్పుడు రాని ఏడుపు. అమ్మమ్మ కంగారుపడిపోయింది. "అయ్యో, నిన్నేమన్నానని ఇప్పుడు! నా నోరే అంత, మా అల్లుణ్ణి అడుగు చెప్తాడు. ఊరుకో అమ్మా, ఊరుకో" అంటూ మొద్దుబారిన ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే సాగదీసి రుద్దసాగింది.

చిన్న డాక్టరు ఫోన్ చేత్తో పట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చింది. "అక్కా, చేరారంట. దారిలో ఒక్కసారి కూడా చల్లబడలేదంట. కాళ్ళు వెచ్చగా ఉన్నాయంట."

"ఏవన్నారు?" అంది పెద్దక్క.

"కాళ్ళు వెచ్చగా ఉన్నాయంట అక్కా."

"ఇంకోసారి చెప్పు."

ఆ పిల్ల ఆమె ముఖం చూసి, ఎందుకని అడగకుండా, ఇంకోసారి చెప్పింది.